పెన్సిల్‌తో కొట్టేసిన పేరు

సార్,

మీరు పోయి నేటికి ఏడాది. మన నర్సింగ్ కాలేజీలో మీ గది ఇప్పుడు నాకిచ్చారు. నడుం నొప్పి పెడుతున్నా మీ కుర్చీ మాత్రం మార్చనియ్యలేదు.

ఇవ్వాళ కొత్త లెక్చరర్ మేరీ తన మొదటి పరిశోధన పత్రం తెచ్చింది. ముప్పాళ్ళలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గు మీద రాసింది. నెలల తరబడి వాళ్ళ పక్కన కూర్చుని, తనూ తొడిమలు తీస్తూ, వాళ్ళని అడిగి రాసుకుంది. తీరా చూస్తే, రాసినవాళ్ళ పేర్లలో మొదటిది నాది.

"నా పేరెందుకమ్మా?" అన్నాను.

"మన దగ్గర పెద్దోళ్ళ పేరే ముందు గదా మేడం."

నేనూ ఒకప్పుడు నా మొదటి పత్రం మీద మీ పేరు అలాగే పెట్టాను. మీరు మాట్లాడకుండా పెన్సిల్‌తో కొట్టేసి కాగితాలు నా చేతికిచ్చారు. మీ పేరు పెట్టుకునేంత పని కాదేమో నాది అనుకున్నాను. అడిగే ధైర్యం చాల్లేదు. ఆ పత్రాన్ని చానా నెలలు బీరువాలోనే ఉంచాను.

ఇవ్వాళ పెన్సిల్ నా చేతిలోకి వచ్చాక గానీ మీరెందుకు కొట్టేశారో తెలియలేదు. నా పేరు కొట్టేశాను. ఆ పిల్ల మొహం వాడిపోయింది. ఆ మొహం నాకు తెలుసు సార్.

"బాగాలేక కాదమ్మా. పని నీది. ఎవరన్నా తప్పు పట్టినా జవాబు నువ్వే చెప్పుకోవాలి. చెప్పుకోగలవు," అన్నాను.

మేరీ కళ్ళు తుడుచుకుని నవ్వింది.

ఆ రోజు మీరూ ఈ ముక్క అనుంటే ఏం పోయేది సార్?