కొత్త రబ్బరు వేసిన కిటికీలు

కొండపల్లి,
20-5-1998.

బావగారికి నమస్కారాలు.

బొమ్మలు వేసుకుని మనం ముగ్గురం తిరునాళ్ళకు తిరిగిన పాత వ్యాను బాగుచేస్తున్నాను. ఆటోనగర్‌లో రబ్బరు కొని కిటికీ అద్దాలన్నిటికీ నేనే బిగించాను. అది నీళ్ళను ఆపుతోందో లేదో వానలొచ్చేలోపు తేల్చుకోవాలి. బయట బకెట్టు కుమ్మరించి లోపలికెక్కేసరికి, సీటు మీది తడి కిటికీదో నా బట్టలదో తెలియడం లేదు. ఇదివరకు మీ చెల్లెలు లోపల కూర్చుని, "ఇక్కడ కారతందండీ!" అని కేకేసేది.

ఆవిడ పెద్దకర్మనాడు మిమ్మల్ని అనరాని మాట అన్నాను. మీ కోపం న్యాయమే. అయినా ఆదివారం పామర్రు నుంచి ఒక్కసారి రండి. గంటసేపు లోపల కూర్చోండి. నాతో మాట్లాడక్కర్లేదు. నీళ్ళు కారితే అద్దం మీద తట్టండి, చాలు.