తాళింపు లేని ఉర్లగడ్డ

1

రాజపాళయం,
బుధవారం

అత్తమ్మకు కణ్మణి నమస్కరించి రాసేది.

మగ్గాల పనికని మీరు సత్రపట్టిలో పాండీశ్వరి వదిన ఇంటికి వెళ్ళి పన్నెండు రోజులయింది. ఫోను చేయవద్దనీ, ఏం కావాలన్నా ఉత్తరం రాసి నూలు మోసే అళగు ఆటోలో పంపమనీ వదినతో చెప్పించారు. నాకూ అదే మేలు. ఫోను చెవి దగ్గర పెడితే నాకు మాట రాదని మీకు తెలుసు. ఏడో తరగతి దాకా నేర్చుకున్న అరవ అక్షరాలతోనే మన తెలుగు రాస్తున్నాను. తప్పులుంటే పైకి చదువుకోండి, సరిపోతాయి.

ఇక్కడ అందరం బాగున్నామని రాయాలి. రాశాను. మామయ్య మిల్లు గేటు డ్యూటీకి వెళ్ళి వస్తున్నారు. మీ కొడుకుకు ఈ వారం పగటి షిఫ్టు.

ఒక సంగతి అడగాలి. ఉర్లగడ్డను వెన్నలాగా, ఒక్క పలుకు కూడా తగలకుండా ఎలా చేయాలి? మీ కొడుకు ఫోనులో ఒకావిడ ఆలుగడ్డతో తెల్లవాళ్ళ వంట అని చేసి చూపించింది. చెంచాతో ఎత్తితే పట్టుబట్టలాగా మడతలు పడింది. ఆమె చేయి చూసేలోపే వంట అయిపోయింది. నేను ఉడికించి మిక్సీలో వేశాను. సాగింది. గిన్నె బోర్లించినా కింద పడలేదు. అళగు అన్న చూసి, "ఏందిమా ఇది, నూలుకు పెట్టే గంజి మాదిరి ఉండాది. సత్రపట్టికి ఇచ్చి పంపు, ఆడ నేసే బ్యాండేజీ గుడ్డకు ఆవుతుంది" అన్నాడు.

ఎవరికోసమని అడగకండి, అత్తమ్మా. చెప్పనని మాట ఇచ్చాను. ఇంట్లో ఒక ప్రాణం నాలుగు రోజులుగా సరిగా తినడం లేదు. గంజి పోస్తే ముఖం తిప్పుకుంటుంది. మీరు బస్సెక్కుతూ, "ఇంట్లో ఎవరినీ పస్తు పెట్టొద్దు, ఇల్లు నీ చేతిలో ఉండాది" అన్నారు. ఆ మాట గుర్తొస్తే నాకూ ముద్ద దిగడం లేదు.

మీ కోడలు,
కణ్మణి

తా.క. బీరువా తాళంచెవి మళ్ళీ కనబడలేదు. మామయ్య వెతుకుతున్నారు. అది ఆయన జేబులోనే ఉంది. చెప్పడానికి మీ కొడుకు డ్యూటీ నుంచి రావాలి.

2

సత్రపట్టి,
శుక్రవారం

కణ్మణికి వీరమ్మాళ్ దీవెనలు.

ఇక్కడ తెల్లారింది మొదలు మగ్గాల మోత. అందుకే ఫోను వద్దన్నాను, వేరే ఏమీ లేదు.

ముందు నీ ఉర్లగడ్డ సంగతి. మిక్సీ దగ్గరికి తీసుకుపోకు. మిక్సీలో వేస్తే అది తిండి కాదు, కాగితాలు అంటించే పశ. మట్టి అంటిన పాత గడ్డ తీసుకో. తోలుతోనే, కొయ్యకుండా, ఉప్పునీళ్ళలో ఉడికించు. వేడి మీదే ఒలిచి, ఉత్త గిన్నెలో వేసి ఒక నిమిషం పొయ్యి మీద తిప్పు, తడి పోవాలి. తర్వాత మన ఇడియాప్పం గొట్టంలో పెట్టి నొక్కు. ముందు వెన్న, ఆ తర్వాత వేడి పాలు. పాలు ఒక్కసారి పోయకు, బిడ్డకు పట్టినట్టు కొంచెం కొంచెం పట్టు. తాళింపు వద్దు. ఆవగింజ ఒకటి చిగుళ్ళలో ఇరుక్కుంటే పొద్దంతా దానితోనే సరిపోతుంది. మిరియం అసలే వద్దు.

ఒక హెచ్చరిక. ఇది మీ మామయ్య కంట పడనివ్వకు. పిసికిన తిండి పళ్ళు లేనివాళ్ళకని ఆయన మాట. పెళ్ళయిన ఏడు నుంచీ మా ఇద్దరికీ ఒకటే పోటీ, ఎవరి పళ్ళు ముందు పోతాయని. ఆయన పుగాకు చూపించి నేను, నా కరుపట్టి బెల్లం చూపించి ఆయన. ముందు పళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మిగతా కాలమంతా రెండోవాళ్ళ ముందు నోరెత్తకూడదని ఒప్పందం. నాతో కాపురం చేసే మనిషి నోరెత్తకుండా ఉంటే ఎంత హాయిగా ఉంటుందో అని ఆశగా చూస్తున్నాను.

ఇక ఎవరికోసమో చెప్పనన్నావు. మూడేళ్ళుగా నిన్ను చూస్తున్నాను. మాట తక్కువ పిల్లవే గానీ దాచే పిల్లవు కాదు అనుకున్నాను. అది మనసులో పెట్టుకో.

వీరమ్మాళ్

తా.క. ఇదంతా నీకెలా తెలుసని అడగకు. పెద్దవాళ్ళకు తెలుస్తుంది.

3

రాజపాళయం,
ఆదివారం

అత్తమ్మకు కణ్మణి నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దాచే పిల్ల అన్న చోట కళ్ళు ఆగిపోతున్నాయి. మీ ముందు నిలబడి ఉంటే తల వంచుకునేదాన్ని. కాగితం ముందు కూడా అదే చేస్తున్నాను.

ఉర్లగడ్డ కుదిరింది. గొట్టంలోంచి సన్నగా పూల వాన పడ్డట్టు పడింది. వెన్న వేశాక మెరిసింది. పాలు పట్టేకొద్దీ పీల్చుకుంది. ఎంత తాగినా ఇంకా తాగుతుందేమో అనిపించి భయపడి ఆపేశాను. చెంచాతో ఎత్తితే మడత పడింది. కలిపే చేయి తొందరపడితే అది బిగుసుకుపోతుంది, ఓపికగా ఉంటే తనే మెత్తబడుతుంది. మనుషుల్లో కూడా కొందరు అలా ఉంటారు.

ఆ ప్రాణం మొదటి రోజు మూలన కూర్చుని గుర్రుమంది. ఎవరైనా చూస్తుంటే ముట్టదు. అందుకని గిన్నె పెరటి గడప దగ్గర పెట్టి లోపలికి వచ్చేశాను. కాసేపటికి వెళ్ళి చూస్తే గిన్నె కడిగినట్టుంది. అంచుకు అంటింది కూడా లేదు. రెండో రోజు నేను గిన్నె పెట్టకముందే గడప దగ్గరికి వచ్చి కూర్చుంది.

అత్తమ్మా, మీకు అబద్ధం చెప్పకుండా, ఇచ్చిన మాట తప్పకుండా ఇంకెన్ని రోజులు గడపాలో తెలియడం లేదు. త్వరగా రండి.

మీ కోడలు,
కణ్మణి

తా.క. నిన్న మీ కొడుకు కూడా కొంచెం అడిగాడు. పెట్టాను. "మురుక్కూ ఊరగాయా ఏమన్నా తొట్టుకోడానికి ఉండాదా" అన్నాడు. అతని పళ్ళు బాగున్నాయి.

4

సత్రపట్టి,
మంగళవారం

కణ్మణికి.

నాకు తెలిసిపోయింది. నువ్వు చెప్పక్కర్లేదు.

పాలు, వెన్న, మెత్తని తిండి. మూలన గుర్రు. పెరటి గడప దగ్గర గిన్నె. నేను ఊరు దాటగానే మీ మామయ్య కుక్కపిల్లను తెచ్చారు. మన ఊరి తెల్ల కుక్క ఒకటి ఇంట్లో ఉండాలని ముప్పై ఏళ్ళుగా ఆయన కోరిక. ముప్పై ఏళ్ళుగా వద్దంటున్నాను. గేటు దగ్గర కూర్చునే మనిషికి ఇంటి దగ్గర ఇంకో వాచ్‌మ్యాన్ ఎందుకు?

నీ మీద కోపం పోయింది. ఆయన బెదిరించి మాట తీసుకుని ఉంటారు. ఇప్పుడిప్పుడే తింటున్న ప్రాణాన్ని తోలేయమని రాయడానికి నాకు చేయి రావడం లేదు. పళ్ళొచ్చే వయసు కదా, చిగుళ్ళు సలుపుతాయి. ఆ సలుపు పడినవాళ్ళకే తెలుస్తుంది. బాగా ఆరాకే పెట్టు. నాలుక ఓర్చుకునే వేడిని చిగుళ్ళు ఓర్చుకోలేవు. నమలడానికి ఎండిన ఎముక ఒకటి దగ్గర పడెయ్యి. మెడకు కట్టడానికి ఎర్రతాడూ గంటా పంపుతున్నాను. ఎక్కడున్నదీ తెలుస్తుంది.

ఈ ఉత్తరం మీ మామయ్యకు చదివి వినిపించు. నాకు అన్నీ తెలుసని ఆయనకు తెలియాలి.

వీరమ్మాళ్

తా.క. మగదా, ఆడదా? పేరు నేను పెడతాను.

5

రాజపాళయం,
గురువారం

అత్తమ్మకు కణ్మణి నమస్కారాలు.

గంట అందింది. ఎముక సంగతి కూడా మీ కొడుకు మామయ్యకు చదివి వినిపించాడు. "పళ్ళొచ్చే వయసు" అన్న దగ్గర ఆగలేక గోడ పట్టుకుని నవ్వాడు. మామయ్య టవల్ నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. చాలాసేపు రాలేదు. వచ్చాక గంట ఎక్కడని మాత్రం చేత్తో అడిగారు. ఇప్పుడు అది రోజూ మోగుతోంది. ఎక్కడున్నదీ నిజంగానే తెలుస్తోంది.

అత్తమ్మా, ఇంకొకటి రాయాలి. నేను ఈ ఇంటికి వచ్చిన మూడేళ్ళలో మామయ్య నాతో నేరుగా ఒక్క మాట అనలేదు. "ముత్తురాజూ, కాఫీ కావాలని చెప్పు" అని మీ కొడుకుతో అనేవారు, నేను పక్కనే నిలబడి ఉన్నా. అది పద్ధతి అని నేనూ నోరు మెదపలేదు. నిన్న మీ కొడుకు ఇంట్లో లేడు. నేను గిన్నె పెట్టి తిరిగాను. వెనక నుంచి మాట వినబడింది.

"ఇంకొంచెం పెట్టుమా. ఈ తూరి ఉప్పు సరిగ్గా పడినది. నువ్వు తింటివా?"

అంటే, ఆ ప్రాణానికి పెట్టమని. ఉప్పు సంగతి ఎలా తెలిసిందో నన్ను అడగకండి.

నేను తిన్నానని చెప్పాను. గొంతు నాదేనా అనిపించింది. తర్వాత వంటింట్లోకి వచ్చి గిన్నెలో మిగిలింది నిలబడి తిన్నాను. తిన్నానని చెప్పిన మాట అబద్ధం కాకూడదు కదా.

ఇంట్లో కుక్క ఉందని నేను ఎక్కడా రాయలేదు. లేదనీ రాయలేదు. వచ్చే సోమవారం తర్వాత మీకు అన్నీ వాటంతటవే తెలుస్తాయని మీ కొడుకు అంటున్నాడు. అంతవరకు నన్ను దాచే పిల్ల అనుకున్నా సరే, చెడ్డ పిల్ల అనుకోకండి.

మీ కోడలు,
కణ్మణి

తా.క. మగ. పేరు ఇంతకుముందే ఉంది. మార్చడం కుదరదు.

6

సత్రపట్టి,
సోమవారం, మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి రాస్తున్నాను

కణ్మణికి అత్త వేయి దీవెనలు.

ఇవాళ పొద్దున్నే నేను రాజపాళయం వచ్చాను. ఇంటికి రాలేదు. పాండీశ్వరిని తోడు తీసుకుని పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎందుకో కింద రాస్తాను, తొందరపడకు.

బెంచీ మీద చోటు లేదు. చివర ఒక పెద్దాయన, అంత ఉక్కలో కూడా మూతికి టవల్ చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. నేనూ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని పక్కన ఇరుక్కున్నాను. ఇద్దరం మాట్లాడలేదు. మాట్లాడే స్థితిలో లేము. కాసేపటికి ఆయన జేబులోంచి ఏదో తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకున్నారు. గణగణమంది.

బీరువా తాళంచెవి. దానికి ఎర్రతాడు. తాడుకు నేను కుక్కపిల్లకు పంపిన గంట.

నేను కొంగు తీసేసి అడిగాను, "అట్లయితే కుక్కపిల్ల మీరేనా?"

ఆయన టవల్ జారిపోయింది. నోట్లో ఒక్క పన్ను లేదు. నా నోట్లోకి చూశారు. నాకూ లేదు. ఇద్దరం ఒకరి నోట్లోకి ఒకరు బావిలోకి చూసినట్టు చూశాము. తర్వాత నవ్వు పట్టుకుంది. నర్సు వచ్చి పేషెంట్లు నవ్వకూడదని కసిరింది. నలభై ఏళ్ళలో మీ మామయ్య అంత నోరు తెరిచి నవ్వగా నేను చూడలేదు. ఎప్పుడూ పళ్ళ మరక కనబడుతుందని బిగించుకునే ఉండేవారు.

అమ్మా, నేను మగ్గాల పనికి రాలేదు. మిగిలిన తొమ్మిది పళ్ళూ సలిపి ప్రాణం తీస్తుంటే, సత్రపట్టి క్యాంపులో తీయించుకుందామని వచ్చాను. మాట్లాడితే గాలి పోతోంది, అందుకే ఫోను వద్దన్నాను. ఇవాళ డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వచ్చింది కట్టుడు పళ్ళకే. మూడు వారాలుగా నేను తింటున్నదీ ఆ ఉర్లగడ్డే. నీకు రాసిన పాళ్ళన్నీ నా చిగుళ్ళు చెప్పినవి. ఉప్పు సంగతి చదివినప్పుడే నాకు వెలగాలి. నా నోటి గొడవలో నేనున్నాను.

నేను లేని సమయం చూసి ఆయన మిల్లు క్యాంపులో తీయించుకున్నారట. నాకు ఓడిపోతానన్న భయం, ఆయనకూ అదే. మధ్యలో నువ్వొక్కదానివి తిండి పెట్టావు. ఇక్కడ పాండీశ్వరి చేతి తిండి తింటూ నేను పైకి అనలేదు గానీ, నీ గిన్నె ఖాళీ అయిందని చదివిన ప్రతిసారీ ఆ ప్రాణం మీద నాకు అసూయగానే ఉండేది.

దాచే పిల్ల అన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకోను. ఇంట్లో ఒకరైనా దాచగలిగినవాళ్ళు ఉండాలి. ఆదివారం వస్తున్నాను. నాకూ ఒక గిన్నె పెట్టు. గడప దగ్గర కాదు, ఆయన పక్కన.

మీ అత్త,
వీరమ్మాళ్

తా.క. ఎవరి పళ్ళు ముందు పోయాయని ఆయన అడిగారు. ఆయనవే అని చెప్పాను. నిజానికి నావే నాలుగు రోజులు ముందు. చెప్పనని నాకు మాట ఇవ్వు.