సవరణకు పదిహేను రోజులు

జూన్ 18

నీకు తెలుసు. తెలిసీ ఊరుకున్నావు.

మా లంకకు వంతెన అని మూడు బడ్జెట్లలో అంకె పడింది. మూడుసార్లూ మార్చి నెలాఖరుకి మాయమైంది. నువ్వది పేపర్లో చదివావు. పేజీ తిప్పి సినిమా వార్తకు పోయావు. ఈ డైరీ ఎవరి చేతిలో పడుతుందో నాకు తెలియదు. ఎవరి చేతిలో పడినా ఆ మనిషి నిర్దోషి మాత్రం కాదు.

రేపు అమలాపురంలో శాసనసభ అంచనాల కమిటీ విచారణ. తొమ్మిది మంది ఎమ్మెల్యేలు, వాళ్ళ ముందు జిల్లా ఆఫీసర్లు, ఆ తరువాత మేము. ఒక్కో అర్జీకి ఐదు నిమిషాలు. వంతెన సాధన సమితి కన్వీనర్‌గా నా పేరు, సాక్షిగా వీరాయమ్మ పిన్ని పేరు ఇచ్చాను. రాజోలులో నా జిరాక్స్ షాపులోనే ఇరవై సెట్లు తీసి స్పైరల్ బైండింగ్ చేశాను. ఇరవై రెండేళ్ళ పోరాటం, నలభై ఒక్క పేజీలు.

ఐదు రోజుల కిందట పిన్ని షాపుకొచ్చింది. వరసకు పిన్ని, లంకలో మా పక్కిల్లు; నేనిప్పుడు రాజోలులోనే ఉంటున్నాను. కొడుకు వెంకటసాయి కువైట్‌లో డ్రైవరు. కోడలు సత్యశ్రీకి ఏడో నెల. ఆగస్టులో పురుడు. ఆగస్టంటే వరద. నది పాయ మీది కాజ్‌వే మునిగితే మాకు పడవ తప్ప దారి లేదు. ఆ పడవ గురించి కమిటీకి ఒక ముక్క చెబుతానంది. చిన్నవి అడిగితే చిన్నవే ఇచ్చి పంపేస్తారు పిన్నీ, పడవ మాటెత్తితే వంతెన సంగతి అక్కడితో సరి అన్నాను.

"నువ్వు చదువుకున్నోడివి. ముందు నీ వంతెన చెప్పు. ఆఖర్న నాకో అర నిమిషం ఉంచు, చాలు."

ఉంచుతానన్నాను.

జూన్ 19, రాత్రి 8

గెలిచాం. ఇంతకన్నా వేరే మాట లేదు.

ఇంజనీరు గారు టెండరు దశలో ఉందండి అన్నాడు. ఏ సంవత్సరపు టెండరండీ అని అడిగాను. హాలంతా నవ్వింది. మూడేళ్ళ కేటాయింపులూ, ఖర్చులూ కాగితం చూడకుండా చెప్పాను. చైర్మన్ పెన్ను పక్కన పెట్టి విన్నాడు. బెల్లు కొట్టారు. ఇంకొక్క నిమిషం అన్నాను, ఇచ్చారు. మళ్ళీ కొట్టారు. పూర్తి చేసే దిగాను. బయట విలేకరి దొరబాబు ఫొటో తీసుకున్నాడు.

పిన్నికి టైం లేకపోయింది. కమిటీ వాళ్ళు పంచిన సమోసాలు కోడలికని కొంగున కట్టుకుంది.

జూన్ 20

ఫొటో పడింది. నాలుగు కాలమ్‌లు.

జూలై 11

సెక్రటేరియట్‌కి ఫోన్ చేశాను. రిపోర్టు సభలో పెట్టేదాకా ఏమీ చెప్పలేరట. సభ ఎప్పుడో వాళ్ళకూ తెలియదట. ఓట్లకొచ్చినప్పుడు ఏ పడవెక్కి వచ్చారు వీళ్ళంతా? కొత్త కరపత్రం మొదలుపెట్టాను.

ఆగస్టు 14

కాజ్‌వే మీద మోకాలి పైకి నీళ్ళు. ఎగువన ఇంకా వానలే.

ఆగస్టు 17

పిన్ని పోయింది.

తెల్లవారుజామున సత్యశ్రీకి నొప్పులు మొదలయ్యాయి. పడవ నడిపే దానం ఇల్లు అవతల గట్టున. చీకటిపడ్డాక పడవ కూడా అక్కడే. ఫోన్ మోగింది కానీ ఎత్తలేదు. పిన్ని రేవులో నిలబడి కేకలేసిందట. ఎదురుగాలి. నలభై ఏళ్ళు నడిచిన కాజ్‌వే, కాలికి తెలియదా అని నీళ్ళలోకి దిగిందట. సగం దాటిందట. అంతవరకు చూసినవాళ్ళున్నారు.

వెలుగొచ్చాక దానం వచ్చాడు. కోడలిని రాజోలు ఆసుపత్రికి చేర్చారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. పిన్ని మధ్యాహ్నానికి దొరికింది, బాగా దిగువన, ఎవరిదో కొబ్బరితోట కంచె దగ్గర.

ఆగస్టు 18

'ఇది ప్రభుత్వ హత్య' అని కరపత్రం టైపు చేశాను. ప్రింటు తీయలేదు.

ఆగస్టు 31

కొత్తపేటలో సభ. మైకు తీసుకున్నాను. మూడో వరసలో ఒకావిడ లేచి నిలబడింది. చెప్పండమ్మా అని ఆగాను. జనం వెనక్కి తిరిగి చూశారు. అక్కడ ఎవరూ లేరని తరువాత అందరూ చెప్పారు. బీపీ చూపించుకోమన్నారు. చూపించుకున్నాను. నార్మల్.

సెప్టెంబర్ 9

అసెంబ్లీ నుంచి కవరు. విచారణలో మాట్లాడినది మాట్లాడినట్టు టైపు చేసిన ప్రతి. పద్ధతి ప్రకారం సాక్షులకు సవరణ కోసం పంపుతారు. ఎవరి మాటలు వాళ్ళే దిద్దాలి, కొత్త విషయం చేర్చకూడదు, పదిహేను రోజుల్లో తిప్పి పంపకపోతే ఒప్పుకున్నట్టే. పిన్ని కవరు కూడా నా అడ్రసుకే వచ్చింది.

నా మాటలు నాలుగు పేజీలు. ఒక్క అచ్చుతప్పు లేదు. ఐదో పేజీ మీద ఇలా ఉంది:

"(ఈ దశలో సాక్షి వీరాయమ్మ లేచి నిలబడ్డారు.)
చైర్మన్: ఆవిడేమైనా చెబుతారా?
సత్యప్రసాద్: వాళ్ళ తరఫున కూడా నేనే చెబుతున్నానండి."

ఈ మాట నేను అన్నట్టు నాకు గుర్తు లేదు. టైం లేకపోయింది అని కదా రాసుకున్నాను. వెనక్కి తిప్పి చూశాను, అలాగే రాసుకున్నాను. టైం ఉంది. చైర్మన్ అడిగాడు.

ఆరో పేజీలో నా తరువాత వచ్చినవాళ్ళ అర్జీ. కె.గంగవరం నుంచి చిట్టెమ్మ అనే ఆవిడ అంగన్‌వాడీకి కుళాయి అడిగింది. నాలుగు వాక్యాలు. ఈ వారంలో వేయించండి అని చైర్మన్ అక్కడికక్కడే ఆఫీసరుకి చెప్పాడు. చిన్నవి అడిగితే ఏమవుతుందో ఆరో పేజీలో ఉంది.

సెప్టెంబర్ 10

షాపులో మిషన్ మీద పని చేస్తుంటే కౌంటరు అవతల పిన్ని నిలబడుతోంది. నిలబడటమే. అడగదు. బేరం వచ్చిందనుకుని తలెత్తుతాను.

సెప్టెంబర్ 12

లంకకు వెళ్ళాను. నీళ్ళు తీసేశాయి, కాజ్‌వే మీద నడిచే వెళ్ళాను. సత్యశ్రీ పిల్లను ఒళ్ళో వేసుకుని అరుగు మీద కూర్చుంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాననుకుంటాను, పిల్ల ఉలిక్కిపడింది.

అత్తగారు ఆ రోజు ఏం చెబుదామనుకున్నారో అడిగాను.

"మీరు చాలా బాగా మాట్లాడేరంట కదండీ, బావగారూ. మా ప్రసాదు మైకు పట్టుకుంటే ఆఫీసర్లకు నోరు పెగల్లేదే అని అత్తయ్యగారు మురిసిపోయేరు."

ఎత్తిపొడుపు కాదది. అయితే బాగుండేది.

తరువాత చెప్పింది. పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడ నాలుగు రోజులు బట్టీ పట్టిందట. నమస్కారమండి, నా పేరు వీరాయమ్మండి, అని మొదలుపెట్టి. సత్యశ్రీ ఫోన్‌లో టైం చూసేదట. మొదటిసారి ముప్ఫై ఐదు సెకన్లు వచ్చిందట. ప్రసాదు అర నిమిషమే ఇస్తానన్నాడని కోసుకుంటూ కోసుకుంటూ ఇరవై రెండుకి తెచ్చిందట.

ఆ ఇరవై రెండు సెకన్లూ సత్యశ్రీ నాకు చెప్పింది. పిన్ని గొంతుతోనే చెప్పింది.

తిరిగొస్తూ రేవులో దానాన్ని అడిగాను. పడవ ఇవతల కట్టడానికి నీకేమైనా అభ్యంతరమా అని.

"నాకేటండీ? రేవు వేలం పాట పాడుకున్నోళ్ళు అటే కట్టమన్నారు, కడుతున్నాను. ఆఫీసర్లు ఒక కాగితం ఇప్పిస్తే ఈ పూట నుంచే ఇటు కట్టేద్దునండి."

ఒక కాగితం. నేను ఎనిమిది వందల ఇరవై పేజీలు పట్టుకెళ్ళాను.

సెప్టెంబర్ 17

వంతెన అడగడం తప్పా? కాదు. వెయ్యిసార్లు కాదు. వంతెన ఉంటే పిన్ని బతికేది. అది ప్రభుత్వం చేసిన హత్యే, ఎవరితోనైనా వాదిస్తాను. వాదించి గెలుస్తాను కూడా. ఆ హాల్లోనూ గెలిచాను.

నా మాటలు దిద్దుకునే హక్కు నాకుంది. ఆ ఒక్క వాక్యం కొట్టేసి పంపితే రికార్డులో ఉండదు. పొద్దున్నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

కొట్టలేదు.

సెప్టెంబర్ 23

కొత్త విషయం చేర్చరాదు అని మళ్ళీ చదివాను. చేర్చాను. రిజిస్టర్ పోస్టు. నకలు:

ఐదో పేజీలో "వాళ్ళ తరఫున కూడా నేనే చెబుతున్నానండి" అన్నది అబద్ధం. అది అలాగే ఉంచి, దాని కింద ఇవి రాయాలి.

1. ఆఖరి ట్రిప్పు అయ్యాక పడవ లంక గట్టున కట్టాలి.

2. వరద నెలల్లో పడవ నడిపే మనిషి లంకలోనే పడుకోవాలి. అన్నం మేం పెడతాం.

3. నెలలు నిండినవాళ్ళను నీళ్ళు రాకముందే దాటించాలి.

4. రేవులో ఒక లైటు.

5. వీరాయమ్మ లేచి నిలబడ్డారు అని రాసినచోట, వీరాయమ్మ చెప్పారు అని రాయాలి.