గ్రహణం గుంట

చెల్లె కళావతికి అక్క రాసేది.

బుధవారం గ్రహణానికి, నడవలేని మీ బాబుకు కాళ్లు వస్తాయని వాణ్ని గుంటలో రొమ్ము దాకా పాతుతారని మీ ఊరి మంగయ్య చెప్పాడు. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. వాణ్ని పాతకు చెల్లె.

నిరుడు గ్రహణానికి మా శేఖర్‌కు కాళ్లు వస్తాయని నేనే రొమ్ము దాకా మట్టి కప్పాను. గుంటలో నవ్వుతూ ఉన్నాడనీ, తీశాక కాలు కదిలించాడనీ నీకు చెప్పాను. రెండూ అబద్ధాలే. "అమ్మా, ఊపిరాడ్తలేదే, తియ్యవే" అన్నాడు. "గ్రహణం విడిచేదాక ఊకో బిడ్డా, లేకుంటే కాళ్లు రావు" అన్నాను. వానకు తడిసిన మట్టి. రాత్రికే జ్వరం, దగ్గు. పదో రోజు పోయాడు.

హైదరాబాదులో తీసిన రక్తం రిపోర్టు వాడు పోయాక వచ్చింది. మన కణాల్లో పని చెప్పే ఆర్ఎన్ఏ అనే చీటీలుంటాయట. వాటిని పట్టుకొని సరిచేసే పనికి కావలసిన ఒక ప్రొటీన్ వాడికి చాలలేదని డాక్టరమ్మ చెప్పింది. అందుకే నరాలు ఎండి కాళ్లూ, ఊపిరి తీసుకునే కండలూ పడిపోయాయట. అటువంటి రొమ్ము మీద నేను మట్టి వేశాను.

మేనరికమా అని కూడా అడిగింది. మనిద్దరినీ మేనమామ కొడుకులకే ఇచ్చారు కదా. మీ బాబుకూ అదే జబ్బేమోనని నా భయం.

ఆ ప్రొటీన్‌ను పెంచే మందు కోసం వెతుకుతున్నారట, ఇంకా దొరకలేదు. డాక్టరమ్మ చిరునామా వెనక రాశాను. బాబును తీసుకుపో. మరిది వద్దంటే ఈ ఉత్తరం చదివి వినిపించు, నన్ను ఏమన్నా అననీ. మందు వచ్చేనాటికి వాడు ఊపిరితో ఉండాలి.

నీ అక్క