ఫోన్‌లో వినబడని బేస్

ఫిబ్రవరి 3, మంగళవారం
సంగీత దర్శకుడు నేను మిక్స్ చేసిన పాటని తన ఫోన్‌లో పెట్టి వినిపించాడు. అక్క వాయించిన బేస్ గిటార్ అందులో లేనే లేదు. స్టూడియో స్పీకర్లలో గదిని దద్దరిల్లించిన బేస్, ఫోన్‌లో దోమ పాడినంత కూడా లేదు. శుక్రవారంలోగా వినబడకపోతే తీసేసి, ఆ భాగం కీబోర్డ్‌తో వాయించేస్తానన్నాడు. మణికట్టు ఆపరేషన్ అయ్యాక అక్క వాయించిన మొదటి పాట ఇది.

అక్కకి ఈ మాట చెప్పలేదు. చెప్పను.

ఫిబ్రవరి 4
కంప్రెసర్ వేశాను. అక్క వేళ్లలో బలం ఇంకా సమంగా రాలేదు. ఒక నోట్ గట్టిగా, పక్కది నీరసంగా పడుతోంది. కంప్రెసర్ గట్టివాటిని అణచి అన్నిటినీ ఒక్క ఎత్తుకి తెచ్చింది. ఫోన్‌లో విన్నాను. సున్నా. ఇంకా బిగించాను. సాయంత్రానికి తీగ మీద వేలు పడే చప్పుడు కూడా పోయింది. రోగం కుదరలేదు సరికదా, రోగి కూడా దక్కలేదు.

ఫిబ్రవరి 5, ఉదయం 7
తిక్క పుట్టి కంప్రెసర్ పీకేశాను. శబ్దాన్ని కాస్త గరుకుగా మార్చే శాచురేషన్ దట్టంగా పట్టించాను. ఫోన్‌లో వినబడింది. కానీ గట్టి నోట్లు బర్రుమంటున్నాయి, నీరసపు నోట్లు గోతిలోనే ఉన్నాయి.

అదే రోజు, మధ్యాహ్నం
పని నేర్పిన మాస్టారి ఇంటికి వెళ్లాను. రెండు మిక్స్‌లూ విని, అసలు ఏం బాగుచేద్దామనుకుంటున్నావని అడిగారు. బేస్ వినబడటం లేదన్నాను.

"వినబడకపోవడం వేరు, సమంగా వినబడకపోవడం వేరు. నీకున్నవి రెండు జబ్బులమ్మా. ఒక్క మందే రెండింటికీ పోస్తున్నావ్."

కంప్రెసర్ ఎత్తుపల్లాలే సరిచేస్తుందట. ఫోన్‌లోని బుల్లి స్పీకర్ అంత లోతు శబ్దాన్ని పలకలేదు, ఎంత సమం చేసినా ఏం లాభం? శాచురేషన్ అదే నోట్‌కి పైస్థాయి స్వరాలు పుట్టిస్తుంది. వాటిని ఫోన్ పలుకుతుంది. కింది స్వరాన్ని చెవి తనంతట తానే పూరించుకుంటుంది.

పదేళ్లుగా రెండు నాబ్‌లూ తిప్పుతున్నాను. తేడా ఇవాళ తెలిసింది. సిగ్గేసింది.

ఫిబ్రవరి 6
ముందు కంప్రెసర్, కొంచెమే. వేలి దెబ్బ తగిలాకే పట్టుకునేలా దాని అటాక్, అంటే అది పని మొదలెట్టే వేగం, నెమ్మదిగా పెట్టాను. దాని తర్వాత శాచురేషన్, చిటికెడు. పెద్దగా వినబడితే బాగున్నట్టే అనిపిస్తుంది కాబట్టి, పాతదీ కొత్తదీ ఒకే వాల్యూమ్‌లో పెట్టి పోల్చుకున్నాను. నలభైసార్లు. ఫోన్‌లో, పాత రేడియో స్పీకర్‌లో, బస్సులో చవక ఇయర్‌ఫోన్స్‌తో. పదకొండింటికి పంపాను.

నాలుగింటికి దర్శకుడు ఫోన్ చేశాడు. బేస్ కొత్తగా ఎవరితో వాయింపించావని అడిగాడు. ఎవరితోనూ కాదు, అక్కదే అన్నాను. తర్వాతి పాటకి తననే రమ్మని చెప్పమన్నాడు.

ఫిబ్రవరి 7
జరిగిందంతా అక్కకి చెప్పేశాను. పాటని తన ఫోన్‌లోనే పెట్టుకుని వింది. రెండో చరణంలో వేలు జారిన చోటు ఇప్పుడు తెలిసిపోతోందంది. సరిచేయనా అన్నాను.

"ఉంచు. అక్కడ నొప్పెట్టింది."