పదకొండు నిమిషాల మౌనం

సెప్టెంబర్ 29

జీవితంలో ఒక్కసారే జరిగే కలయిక ఈరోజు మూడుసార్లు జరిగింది. పదింటికి ఒకటి, ఒంటిగంటకి ఒకటి, మూడున్నరకి ఒకటి.

ఈ మాట మా టీ విద్యకి గుండెకాయ. ఈ గదిలో, ఈ మనుషులం, ఈ గిన్నె చుట్టూ ఇలా మళ్ళీ ఎప్పటికీ కూర్చోము, కాబట్టి ఇదే ఆఖరు అన్నట్టు టీ ఇవ్వాలి, ఇదే ఆఖరు అన్నట్టు తాగాలి. రెండేళ్ళుగా సోమవారాలు తప్ప రోజుకి మూడుసార్లు ఇంగ్లీషులో చెబుతున్నాను. ‘ఎప్పటికీ’ అన్నచోట గొంతు కాస్త తగ్గిస్తాను. అక్కడ బ్యాచ్‌కి ఒకరైనా నిట్టూరుస్తారు. ఈరోజు మూడున్నర బ్యాచ్‌లో నిట్టూర్చింది నేనే.

కొత్త నోటుబుక్కు కాబట్టి మర్యాదగా పరిచయం చేసుకోవాలి. టీ చేసేది చిన్నమ్మమ్మ. మా అమ్మమ్మ చెల్లెలు, పేరు ఫుసాయె, డెబ్భై తొమ్మిదేళ్ళు, యాభై రెండేళ్ళుగా ఈ క్యోటో సందులో టీ టీచరు. పెళ్ళి చేసుకోలేదు. తీరిక దొరకలేదట. నేను సుగురు, ఇరవై నాలుగు, ఇంగ్లీషులో డిగ్రీ, ఉద్యోగం దొరికేదాకా సాయం. ఆవిడ టీ చేస్తుంది, నేను పక్కన కూర్చుని విదేశీ అతిథులకి ఫిలాసఫీ చెబుతాను. చిన్నప్పుడు నాకూ ఆరేళ్ళు నేర్పింది. హైస్కూల్లో బేస్‌బాల్ వంక పెట్టి పారిపోయాను. బేస్‌బాల్ కూడా ఆడలేదు.

ఆవిడ మాటల్ని నేను అనువదిస్తున్నానని అతిథుల నమ్మకం. ఈరోజు ఆవిడ, ఆ చివర కూర్చున్నాయనకి కాలు తిమ్మిరెక్కినట్టుంది, చాపుకోమనరా, అంది. టీ గదిలో శరీరం కూడా ఒక అతిథే అంటున్నారు టీచర్, అని నేను చెప్పాను. ఆయన రాసుకున్నాడు. కాలు మాత్రం చాపుకోలేదు.

అక్టోబర్ 3

పక్కింటి నిషివాకిగారు వీధి ఊడుస్తూ చిన్నమ్మమ్మని పలకరించింది. ఈమధ్య మీ నడక ఎంత నిదానంగా, ఎంత హుందాగా ఉందో, పాత నాటకాల్లో రాణిగారు స్టేజీ మీదికి వస్తున్నట్టు ఉంటోంది సుమండీ, అంది. కుంటుతున్నావు అని చెప్పడానికి మా ఊళ్ళో ఇంత దూరం తిరిగి రావాలి. అంత శ్రద్ధగా చూసేవారు మీరొక్కరైనా ఉన్నారు, మీ కిటికీ దగ్గర చలిగాలి, చెవులు జాగ్రత్త, అని చిన్నమ్మమ్మ నవ్వుతూ వంగి నమస్కారం పెట్టింది. ఇద్దరూ ముప్పై ఏళ్ళుగా ప్రాణస్నేహితులు.

గదిలోకొచ్చాక నేనూ గమనించాను. టీ అయిపోయాక అతిథి వెదురు చెంచా చూస్తానని అడగాలి, దాని పేరేమిటని అడగాలి. ఆ పూటకి, ఆ ఋతువుకి తగ్గ పేరు ఆవిడ చెబుతుంది. తర్వాత ఒక చేతిలో చెంచా, ఒక చేతిలో పొడి డబ్బా పట్టుకుని, మడమల మీద నుంచి ఒక్క ఊపులో లేచి వెళ్ళిపోవాలి. చేతులు ఖాళీ లేవు కాబట్టి నేలకి ఆనించడం కుదరదు. ఈ విద్య కనిపెట్టిన మహానుభావుడికి మోకాళ్ళు నొప్పులు లేవని తెలుస్తూనే ఉంది.

గోడగడియారం చూశాను. లేవడానికి పన్నెండు సెకన్లు.

అక్టోబర్ 8

కీళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్రాడు, టోక్యోవాడు. కుడి మోకాల్లో మెత్తటిదేమీ మిగల్లేదు, ఎముకకి ఎముక రాసుకుంటోంది, మోకాళ్ళు మడిచి కూర్చోవడం ఇక మానెయ్యాలి, ఈ చలికాలం కూడా కూర్చుంటే వచ్చే చలికాలం నడవరు, అన్నాడు. చిన్నమ్మమ్మ శ్రద్ధగా విని, తప్పకుండా ఆలోచిస్తాను నాయనా, అంది. మా ఊళ్ళో దానర్థం చచ్చినా చెయ్యను అని. డాక్టరు సంతోషించాడు.

అక్టోబర్ 10

సామాన్ల గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు ఉన్నాయి. కుర్చీలో కూర్చుని టీ చేసే పద్ధతి కొత్తదేమీ కాదు. నూట యాభై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళోనే ఎగ్జిబిషన్‌కి వచ్చిన తెల్లవాళ్ళు కింద కూర్చోలేకపోతే వాళ్ళకోసం టీ విద్యలో పేరున్న వంశంవాళ్ళే తయారుచేశారు. కనక గౌరవమైన పద్ధతి. ఈ ఉపన్యాసమంతా ముందే రిహార్సల్ వేసుకుని భోజనాల దగ్గర చదివాను.

చిన్నమ్మమ్మ ముల్లంగి ఊరగాయ నములుతూ చివరిదాకా విన్నది. అది పరదేశీల కాళ్ళ కోసం చేసింది, నా కాళ్ళు పరదేశం వెళ్ళలేదు, అంది. మరి డాక్టరు మాట? అన్నాను. మోకాళ్ళ మీద కూర్చోలేని రోజున ఈ గదికి తాళం వేస్తాను, నువ్వు వెళ్ళి ఏదైనా ఉద్యోగం చూసుకో, అంది.

తర్వాత నా గిన్నెలో ఇంకో ముక్క ఊరగాయ వేసింది.

అక్టోబర్ 11

చెంచా పేరు: తొలి బాతులు. లేవడానికి: ఇరవై సెకన్లు.

అక్టోబర్ 16, సాయంత్రం 6

రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయకపోతే కడుపు ఉబ్బుతుంది.

ఒంటిగంట బ్యాచ్. ఆరుగురు అమెరికన్లు. అక్టోబరు కాబట్టి కుంపటిని అతిథులకి కాస్త దగ్గరగా జరిపాం. టీ అంతా బాగానే జరిగింది. చెంచా పేరు చెప్పింది. చెంచా, డబ్బా చేతుల్లోకి తీసుకుంది. లేవలేదు.

మొదట నేను కూడా ఊపిరి తీసుకుంటోందనే అనుకున్నాను. తర్వాత ఆవిడ మెడ మీద చెమట చూశాను. కుంపటి సెగకి పట్టే చెమట కాదది. నేను ఒక్క అంగలో వెళ్ళి లేపొచ్చు. కానీ శిష్యులు, అతిథులు చూస్తుండగా ఈ గదిలో చిన్నమ్మమ్మని ఎవరూ ఎప్పుడూ చంకల్లో చేతులు వేసి లేపలేదు. ఆవిడ నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఆజ్ఞ.

అతిథులు కదలడం మొదలుపెట్టారు. అప్పుడు నా నోరు, అది నా కంటే ముందే పుట్టింది, పని మొదలుపెట్టింది. ఇది టీ తర్వాతి మౌనం, ఇది అందరికీ దొరికేది కాదు, టీచర్‌గారు మనసుకి తోచిన రోజునే ఇస్తారు, దయచేసి కళ్ళు మూసుకోండి, అన్నాను.

ఆరుగురూ కళ్ళు మూసుకున్నారు. పదకొండు నిమిషాలు. ఏడో నిమిషంలో ఒకాయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పదకొండో నిమిషంలో ఆవిడ లేచింది. ఎలా లేచిందో నేను రాయను.

అక్టోబర్ 18

రివ్యూ వచ్చింది. అయిదు స్టార్లు. ఆ లాంగ్ సైలెన్స్ నా జీవితాన్ని మార్చేసింది, అని. కన్నీళ్ళ ఆయనే.

అక్టోబర్ 19

టూర్ కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. నాకు చేసుంటే బాగుండేది, ఇంటి ఫోన్‌కి చేసింది. టీచర్‌గారూ, ఆ సుదీర్ఘ మౌనం ప్రతి బ్యాచ్‌కీ పెట్టగలరా, నిన్నటి నుంచి అందరూ అదే అడుగుతున్నారు, అందట.

చిన్నమ్మమ్మ నన్ను పిలిచింది. ఏ మౌనం? అంది. చెప్పాను. కొంత తగ్గించి చెప్పబోయాను, ఆవిడ చూపు చూసి మొత్తం చెప్పాను. ఇంగ్లీషులో ఏమన్నావో ఆ రెండు ముక్కలూ అను, అంది. లాంగ్ సైలెన్స్, అన్నాను. ఇంకోసారి అనిపించుకుంది. తనూ అంది: లోంగు సైరెన్సు.

నేను సమర్థించుకున్నాను. మీకు లేవడానికి టైం దొరుకుతుంది, ఎవరికీ తెలియదు, పైగా వాళ్ళు ఆనందిస్తున్నారు, అన్నాను.

టీలో ఏముందో చెప్పడానికి నాకు ఇంగ్లీషు రాదు, అందుకని నీ నోరు అరువు తెచ్చుకున్నాను, నువ్వు నా మోకాలు తీసుకెళ్ళి దుకాణంలో పెట్టావు, అంది.

గట్టిగా కూడా అనలేదు.

అక్టోబర్ 21

మూడు బ్యాచ్‌లు, మూడు మౌనాలు. ఇష్టమై కాదు. ఆవిడ నిజంగానే లేవలేకపోతోంది. నేను నిజంగానే ఏం చెయ్యాలో తెలియక కళ్ళు మూసుకోమంటున్నాను.

చెంచా పేరేమిటని ఒకావిడ అడిగింది. చిన్నమ్మమ్మ నా వైపు తిరిగి, నోరు తెరుచుకుని నిలబడి ఉంటుంది, లోపల గడ్డి, దిష్టిబొమ్మ, అంది. పంటకోతల కాలం కదా, ఋతువుకి తగ్గ పేరే, వంక పెట్టడానికి లేదు. నా నోటితోనే అనువదించి చెప్పాను. ఎంత అందమైన పేరు, అని రాసుకుంది ఆవిడ.

అక్టోబర్ 22

దిష్టిబొమ్మ.

అక్టోబర్ 23

దిష్టిబొమ్మ. అన్నం మాత్రం ఎప్పటిలాగే నాకే ముందు వడ్డిస్తోంది.

అక్టోబర్ 26

మూడున్నర బ్యాచ్‌లో వినిపెగ్ నుంచి ఒక పెద్దావిడ. బెర్నడెట్. డెబ్భై నాలుగేళ్ళు, ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైంది, ఇక్కడ పనిచేసే కూతురి దగ్గర నెల్లాళ్ళు ఉండడానికి వచ్చింది. కాళ్ళు మడవలేనివాళ్ళకి వేసే చిన్న పీట మీద కూర్చుని, నా ఫిలాసఫీ అంతా బస్సులో టికెట్ లేనివాడి కథ విన్నట్టు విన్నది.

చెంచా పేరు అయింది. నేను గొంతు తగ్గించి, ఇప్పుడు టీ తర్వాతి మౌనం, అన్నాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆవిడ మూసుకోలేదు. చిన్నమ్మమ్మనే చూస్తోంది.

ఇదేం మౌనమయ్యా, ఆవిడ ఇరుక్కుపోయింది, చర్చిలో రెండేళ్ళు నేనూ ఇలాగే ధ్యానం చేశాను, అంది పెద్దగా. పీట మీది నుంచి లేచి, మేజోళ్ళతో చాప మీద దబదబా నడిచి, ఇంటిల్లిపాదిలో ఎవరికీ లేని ధైర్యంతో చిన్నమ్మమ్మ చంకలో చెయ్యి వేసింది. కుడా ఎడమా? అని నన్నడిగింది. కుడి, అన్నాను. అయితే ఎడమ కాలు ముందు పెట్టమను, అంది.

చెంచా పేర్లు కాక, రెండేళ్ళలో నేను ఉన్నదున్నట్టు అనువదించిన మొదటి వాక్యం అదే: ఎడమ కాలు ముందు పెట్టమంటోంది.

చిన్నమ్మమ్మ పెట్టింది. లేచింది. చెంచా, డబ్బా చేతుల్లోనే ఉన్నాయి, ఒలకలేదు.

మిగతావాళ్ళు వెళ్ళిపోయాక బెర్నడెట్ ప్యాంటు పైకి లాగి రెండు మోకాళ్ళ మీదా కుట్లు చూపించింది. చిన్నమ్మమ్మ కళ్ళజోడు తెచ్చుకుని, పాత టీ గిన్నె అతుకు చూసినట్టు, దగ్గరగా చూసింది. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ మోకరిల్లగలిగావా, అని అడగమంది. లేదు, మళ్ళీ ఎప్పుడూ లేదు, అంది బెర్నడెట్. మరి దేవుడి దగ్గర? కూర్చునే ప్రార్థిస్తాను, ఇంతవరకూ పైనుంచి ఫిర్యాదు రాలేదు, అంది.

చిన్నమ్మమ్మ నవ్వింది. పది రోజుల తర్వాత.

అక్టోబర్ 27, పొద్దున్న

చిన్నమ్మమ్మ నా గది తలుపు తట్టి, సామాన్ల గదిలోంచి ఒక కుర్చీ తీసుకురా, అంది. బల్ల? అన్నాను. బల్ల వద్దు, కుర్చీ ఒక్కటే, అంది. ఆనందంతో నోరు తెరిచాను. ఆవిడ ముగించలేదు. నా మోకాళ్ళు పరదేశం వెళ్ళిపోయాయి, వాటికి కుర్చీ, నీవి ఇంకా ఇక్కడే ఉన్నాయి, వాటికి చాప, అంది.

నవంబర్ అయిదున కుంపటి తీసేసి నేల పొయ్యి తెరుస్తాం. టీవాళ్ళకి సంవత్సరాది అదే. ఆ రోజు పొయ్యి ముందు కూర్చునేది నేనట.

వీలు కాదు, అన్నాను. మర్చిపోయాను, అన్నాను. తొమ్మిది రోజుల్లో ఎవరు నేర్చుకుంటారు, అన్నాను. ఉద్యోగం వెతుక్కోవాలి, అని కూడా అన్నాను. సరే, తాళం ఎక్కడుందో తెలుసుగా, అంది.

కుర్చీ దుమ్ము దులిపాను.

అక్టోబర్ 31

చెయ్యి. భుజం కాదు, చెయ్యి. గరిటె అది, చీపురు కాదు. నీళ్ళని చూడు, నన్ను కాదు. ఇదంతా కుర్చీలోంచి. పైనుంచి తిడితే ఇంకా బాగా వినిపిస్తుందని ఆవిడ కనిపెట్టింది. బ్యాచ్‌లు రద్దు చేసుకున్నాం. టూర్ కంపెనీ అమ్మాయి ఏడుపు గొంతుతో, మౌనం కోసమే బుక్ చేసుకున్నవాళ్ళున్నారండీ, అంది.

మోకాళ్ళు నీలం రంగుకి తిరిగాయి. కాళ్ళున్నాయని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

నవంబర్ 5, సాయంత్రం

పొయ్యి తెరిచాం.

అతిథులు రాకముందు బొగ్గు పేర్చి కూర్చున్నాను. నేల పొయ్యి దగ్గర కూర్చుంటే సెగ నేరుగా మోకాళ్ళకి తగులుతుంది. కుర్చీలోంచి చిన్నమ్మమ్మ ఒకసారి చెయ్యి కిందికి చాపింది. అందలేదు. మోకాళ్ళకి తగులుతోందా, అని అడిగింది. తగులుతోంది, అన్నాను. ఎడమ దానికే ఎక్కువ తగలాలే, అంది. నిజమే, ఎడమ దానికే ఎక్కువ. యాభై రెండు చలికాలాలు. చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

అతిథులు నలుగురు. పాత శిష్యురాళ్ళు ఇద్దరు, నిషివాకిగారు, ముఖ్య అతిథి స్థానంలో పీట మీద బెర్నడెట్. ఎర్ర చిక్కుళ్ళ పాయసం రెండు గిన్నెలు తాగింది.

వెదురు కవ్వంతో చిలికాను, చిలికాను. నురగ రాలేదు. ఎంత ఓపికగా చిలుకుతున్నావు నాయనా, మా కాలంలో టీ ఇంత వేడిగా ఇచ్చి నోరు కాల్చేసేవాళ్ళు, అంది నిషివాకిగారు. చల్లారిపోయిందని. బెర్నడెట్ గిన్నె ఎత్తి చివరి చుక్క దాకా చప్పుడు చేస్తూ తాగింది.

చెంచా పేరేమిటని ఇంగ్లీషులో అడిగింది. ఆ ప్రశ్నని అనువదించి నాకే చెప్పుకుని, నేనే జవాబివ్వాలి. పేరు ఆలోచించుకోవడం మర్చిపోయాను. దిష్టిబొమ్మ, అన్నాను. కోతలైపోయాయి, అది సీజన్ దాటిపోయింది, అంది పైనుంచి కుర్చీ. అందుకే పీకేస్తున్నారు, అన్నాను. కుర్చీ కిర్రుమంది. నవ్విందనుకుంటాను.

ఒక చేతిలో చెంచా, ఒక చేతిలో డబ్బా. ఎడమ కాలు ముందు. ఎడమ కాలు లేదు. కుడిది కూడా లేదు. నడుం కింద ఎవరివో రెండు దుంగలున్నాయి. బరువు ముందుకి వేశాను, దుంగలు రాలేదు. మెడ మీద చెమట పట్టింది. అప్పుడు తెలిసింది ఆ చెమట ఏమిటో. చిన్నమ్మమ్మ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను.

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని, అతిథుల వైపు తిరిగి, గొంతు కాస్త తగ్గించి, ఇంగ్లీషులో ప్రకటించింది: లోంగు సైరెన్సు.

బెర్నడెట్ నవ్వుకి పాయసం గిన్నెలు అదిరాయి. నిషివాకిగారు మాత్రం భక్తిగా కళ్ళు మూసుకుంది.

నవంబర్ 6

మూడు బ్యాచ్‌లు. లేవడానికి చిన్నమ్మమ్మకి నాలుగు సెకన్లు, నాకు నలభై.

ఫిలాసఫీకి ఊపిరి మిగల్లేదు. ఎవరూ అడగలేదు.