పద్మ జడ దక్కిన ఆదివారం

1998, శ్రావణ మాసం. నర్సీపట్నం హాస్టల్ వరండా.

నేను చెబుతున్నాను, మనవరాలు పద్మ రాస్తోంది. ఒక్క ముక్క కూడా మార్చొద్దన్నాను.

పొద్దున్న పద్మను చూడ్డానికి నేను వచ్చేసరికి వార్డెన్ గారు మంగలిని పిలిపించి ఆడపిల్లలను వరసలో నిలబెట్టారు. తలల్లో పేలు పడ్డాయట, అందరికీ జుట్టు కత్తిరిస్తారట. పద్మ నా కొంగు పట్టుకుని ఒకటే ఏడుపు.

"పేలుంటే పేలు తియ్యాల గానీ జడలు తీసేత్తారేటండీ?" అన్నాను.

"ముప్పై మందికీ మీరు తీస్తారా?" అన్నారావిడ వెటకారంగా.

"సాయంత్రం దాకా ఆగండి. ఒక్క పేను దొరికిందా, ముందు నాకే గుండు గీయించండి."

పిల్లలకు వేపనూనె రాసి, మెట్ల మీద ఒకరి వెనక ఒకరిని కూర్చోబెట్టాను. ముందున్న తలను వెనకున్న పిల్ల చూసింది. చివర్న పేల దువ్వెనతో ప్రతి తలా నేనే దువ్వాను.

సాయంత్రం వార్డెన్ గారు ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. మంగలి కత్తెర సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మిగిలిన ఈర్లు పగిలి మళ్ళీ పేలవుతాయేమోనని బెంగ. వచ్చే ఆదివారం మళ్ళీ రావాలి.

పిల్లలు భోజనానికి వెళ్ళాక వార్డెన్ గారు వచ్చి నా కింది మెట్టు మీద కూర్చున్నారు. అటూ ఇటూ చూసి ముడి విప్పుకున్నారు.

"మామ్మగారూ, నాది కూడా..."

"పిల్లలొచ్చేత్తారు, బేగి తల వంచండి," అన్నాను.